జీర్ణోద్ధారమా? నూతన స్వీకారమా?

జీర్ణమైన వస్తువు విషయంలో మనిషికి రెండే మార్గాలు కనిపిస్తాయి. దానిని ఉద్ధరించుట ఒకటి. దానిని విడిచి నూతనమైనదానిని స్వీకరించుట మరొకటి. ఈ ప్రశ్న దేవాలయ విమానం విషయంలో తలెత్తితే ఆగమశాస్త్రాన్ని ఆశ్రయిస్తాము. దేహం విషయంలో తలెత్తితే భగవద్గీత ద్వితీయాధ్యాయంలోని జీర్ణవస్త్ర దృష్టాంతాన్ని స్మరిస్తాము. ఇదే ప్రశ్న ఇంటి ముంగిట నిలిచిన మోటారుసైకిలు విషయంలో తలెత్తితే అది కేవల లౌకికమని, శాస్త్రానికి అక్కడ ప్రసక్తి లేదని చాలామంది భావిస్తారు. రెండు మాసాలు ఈ విషయాన్ని విచారించిన మీదట నాకు అట్లు తోచలేదు. ఆ విచారక్రమాన్ని సాధకబంధువుల ముందు ఉంచుటయే ఈ వ్యాసోద్దేశం.

నేను మెదక్ జిల్లా టేక్మాల్‌లో అర్చకవృత్తిలో ఉన్నాను. నా బండి వంద సీసీ వర్గానికి చెందినది, 2007లో కొన్నాను. నాటి ఉమ్మడి మెదక్ జిల్లా సంకేతమైన ఏపీ 23 నేటికీ దాని పలక మీద ఉన్నది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడి టీఎస్ వచ్చినది, 2024 మార్చిలో టీజీ వచ్చినది, 2016లో జిల్లాయే మూడు జిల్లాలైనది. బండి మాత్రం పాత పేరుతోనే తిరుగుతున్నది. ప్రాతఃకాలంలో మా ఆలయంలో అర్చన ముగించి, సమీప గ్రామంలోని చిన్న శివాలయానికి వెళతాను. ధూపదీపనైవేద్య పథకం క్రింద ఆ ఆలయానికి నెలకు లభించే 10,000 రూపాయలలోనే స్వామికి దీపము, నైవేద్యము, అర్చకునికి భృతి సర్దుకోవాలి. ఆ వేళకు అటు బస్సు లేదు. కావున బండి ఆగితే ఆగేది నా ప్రయాణం ఒక్కటే కాదు, అక్కడి స్వామికి నైవేద్యం కూడా ఆగుతుంది.

ఈ కార్తికం నుండి బండి నీలిరంగు పొగ వదలసాగినది. ఇంజన్ ఆయిల్ త్వరగా తరిగిపోతున్నది. మెకానిక్ విప్పి చూసి, "పంతులుగారూ, రింగులు పోయినయ్. బోరు చేయించాలె, పిస్టన్ వేయాలె. క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైను కూడ చూడాలె. పది వేల దాక అయితది. లేదంటే కొత్తది తీసుకోండ్రి" అన్నాడు. కొత్త బండి అన్ని ఖర్చులతో లక్షకు కొంచెం తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ వరకు మోటారుసైకిళ్ళ మీద జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది గనుక ఇదే అదను అని మా అబ్బాయి పట్టుబట్టాడు. మొదటి విడత సొమ్ము తాను కడతానన్నాడు. మిగిలినది నెలనెలా నేను కట్టాలి. మా ఇంటావిడను అడిగితే, "పాతదో కొత్తదో నాకు పట్టింపు లేదు. వెనుక కూర్చునేది నేను. బ్రేకు పట్టే బండి అయితే చాలు" అన్నది. ఈ మాటయే తరువాత నాకు ప్రమాణమైనది.

వేదంలో ఈ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ప్రకరణం ఒకటి ఉన్నది. తైత్తిరీయ సంహిత ప్రథమకాండ పంచమప్రశ్నలో పునరాధేయం చెప్పబడినది. అగ్న్యాధానం చేసిన తరువాత అభ్యుదయం పొందని యజమాని ఆ అగ్నులను విసర్జించి మరల ప్రతిష్ఠించుకొనే కర్మ అది. అక్కడ విధించిన దక్షిణలలో బాగుచేసిన రథము, తిరిగి కుట్టిన వస్త్రము ఉన్నాయి. బాల్యంలో వల్లె వేసిన రోజులలో ఇది నాకు వింతగా తోచేది. దక్షిణ అంటే శ్రేష్ఠమైనదే ఇవ్వాలి కదా, మరమ్మతు చేసిన రథం ఎట్లు తగును? అర్థం విచారించినప్పుడు తెలిసినది ఏమనగా, పునరాధేయం యొక్క సమృద్ధి కొరకే ఆ దక్షిణ. కర్మ యొక్క స్వభావం 'పునః' అయినప్పుడు ద్రవ్యం కూడా 'పునః' అన్న ధర్మాన్నే ధరించాలి. అనగా బాగుచేయబడిన వస్తువు వేదదృష్టిలో దరిద్రచిహ్నం కాదు. అదే ప్రకరణంలో అగ్నులను విసర్జించి నూతనంగా ప్రతిష్ఠించుట కూడా విహితమే. కావున శ్రుతి ఒక మార్గాన్ని స్తుతించి రెండవ మార్గాన్ని నిందించలేదు. దేనిని విడువవలెను, దేనిని ఉద్ధరించవలెను అన్న వివేకాన్ని మనకు వదిలినది.

ఆ వివేకానికి ఆగమం ఒక కొలత ఇస్తున్నది. జీర్ణోద్ధార ప్రకరణాలలో బింబం యొక్క అవయవాలను ప్రధానాంగాలుగా, ఉపాంగాలుగా విభజించి చూస్తారు. శిరస్సు వంటి ప్రధానాంగం భగ్నమైతే ఆ బింబాన్ని విధివిధానంగా త్యజించాలి. ఉపాంగాలకు వచ్చిన లోపాలను సంధానం చేసుకోవచ్చు. ఈ కొలతతో బండిని చూస్తే ప్రధానాంగం ఏది? చాలామంది ఇంజన్ అంటారు. మెకానిక్ అభిప్రాయం వేరు. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు అరిగిపోవుటకే ఉన్నాయి. వాటిని మార్చుట లోకరీతి. ఛాసిస్‌లో పగులు వచ్చినా, వెనుక చక్రాన్ని పట్టుకొనే స్వింగ్ ఆర్మ్ దగ్గర తుప్పు లోహాన్ని తినివేసినా ఆ బండిని నమ్మరాదు. వెల్డింగు చేసి నడిపేవారున్నారు గాని, అది ఎప్పుడు విడిపోవునో చెప్పలేము. నా కోరిక మీద సీటు, పెట్రోలు ట్యాంకు తీయించి, మట్టి కడిగించి, ఛాసిస్ అంతా చూపించాడు. పైపైన తుప్పు తప్ప పగులు లేదు.

ఇక్కడ దర్శనశాస్త్రాభ్యాసం గలవారికి ఒక సందేహం కలుగుతుంది. పిస్టన్ మారి, చైను మారి, టైర్లు ఎన్నోసార్లు మారిన తరువాత ఇది 2007 నాటి బండియేనా? న్యాయవైశేషికుల మతంలో అవయవి అవయవాలకంటె భిన్నమైనది, వాటియందు సమవాయ సంబంధంతో ఉంటుంది. పటం నుండి ఒక తంతువు తొలగితే పూర్వపటం నశించి ఖండపటమనే వేరొక అవయవి పుడుతుంది. ఆ లెక్కన మెకానిక్ స్పానరు పట్టిన ప్రతిసారీ పాత బండి పోయి కొత్త బండి వస్తున్నది. వ్యవహారానికి ఇది పనికిరాదు గనుక రాజశాసనం సులభమార్గం కనుగొన్నది: ఛాసిస్ మీద చెక్కిన సంఖ్యయే బండికి ఆత్మస్థానీయం. అనుమతి పొంది ఇంజన్ మార్చినా బండి అదియే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనపు రిజిస్ట్రేషన్ పదిహేను సంవత్సరాలు చెల్లుతుంది. పిదప తనిఖీ అయి అయిదేసి సంవత్సరాలకు పునరుద్ధరింపబడుతుంది. నా బండికి 2022లో ఆ పునరుద్ధరణ అయినది. మరల 2027లో కావాలి. అద్వైతదృష్టికి ఈ వివాదమంతా నామరూప వ్యవహారమే. అయినను వ్యవహారదశలో ఉన్నంతకాలం వ్యవహారనియమాలు పాటించవలసినదే.

విచారంలో మరొక పక్షం ఉన్నది, అది పరహితం. నీలిపొగ అనగా మండుతున్న ఆయిల్. దానిని పీల్చేది నేను కాదు. వెనుక వచ్చేవారు, దారి పక్కన నిలిచిన పిల్లలు. కావున 'నడిచినంత కాలం ఇట్లే నడుపుదాం' అన్న మూడవ మార్గం హింసతో కూడినది, అది త్యాజ్యం. నూతన వాహనాల పక్షాన న్యాయమైన మాటలు చాలా ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్ 6 ప్రమాణం అమలైనది. కార్బ్యురేటరు స్థానంలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే విధానం వచ్చినది. 2019 ఏప్రిల్ నుండి చిన్న బండ్లకు కూడా రెండు చక్రాలకు కలిపి బ్రేకు పట్టే ఏర్పాటు తప్పనిసరి అయినది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తున్నది. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చు. వీటిని దాచి పాతదానిని పొగడుట సత్యవ్రతం కాదు.

ఇంతవరకు వస్తువిచారం. సాధకునికి అసలు పరీక్ష మనోవిచారంలో ఉన్నది. ఈ విషయంలో మూడు దోషాలు మూడు సద్గుణాల వేషంతో వస్తాయని గ్రహించాను. మొదటిది కార్పణ్యం, అది అపరిగ్రహపు వేషం వేసుకొని 'మనకెందుకు కొత్తవి' అంటుంది. డబ్బు చేతి నుండి జారుతుందన్న భయాన్ని వైరాగ్యంగా చూపిస్తుంది. రెండవది మోహం, అది కృతజ్ఞత వేషంలో వస్తుంది. 'ఇన్నేళ్ళు మోసినది, ఎట్లు విడుతును' అంటుంది. మూడవది తృష్ణ, అది జాగ్రత్త అనే వేషం ధరిస్తుంది. 'ప్రాణానికి మించినదేమున్నది, కొత్తదే మేలు' అంటూ షోరూములో ఎర్రరంగు బండి వైపు చూపు తిప్పుతుంది. ఈ మూడింటినీ విడదీయుటకు నాకు దొరికిన ఉపాయం ఇది: ఈ బండి నాది కాదు, నా గ్రామంలోని మరొక అర్చకునిది అయితే అతనికి నేనేమి చెబుతాను? అప్పుడు కార్పణ్యానికి, మోహానికి, తృష్ణకు ఆధారమైన 'నాది' అన్న భావం తొలగి, లెక్క మాత్రం మిగిలినది.

లెక్క విషయంలో మా జిల్లావాడే అయిన మహామహోపాధ్యాయుని నియమం నాకు తోడ్పడినది. కొల్చారం పేరు ఇంటిపేరుగా గల కోలాచల మల్లినాథసూరి, కాళిదాస కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రచించినవాడు, మూలాధారం లేనిదానిని గాని, అపేక్షలేనిదానిని గాని తాను చేర్చనని నియమం పెట్టుకున్నాడు. మెకానిక్ వ్రాసిన చీటీని ఆ నియమంతో చదివాను. ప్రతి వస్తువు ఎదుట రెండు ప్రశ్నలు: ఇది పోయినదనుటకు ఆధారమేమి? ఇది మార్చకపోతే వచ్చే హాని ఏమి? పిస్టన్, రింగులు, టైమింగ్ చైను నిలిచాయి. కొత్త సీటు కవరు, స్టిక్కర్లు, రంగు తొలగిపోయాయి. చీటీలో లేనివి రెండు చేరాయి: రెండు చక్రాలకు బ్రేకు షూలు, వెనుక టైరు. మా ఇంటావిడ మాటకు అదే సమాధానం. మొత్తం మెకానిక్ చెప్పిన అంకెకు స్వల్పంగా మించినది.

కావున ఉద్ధరించుటకే నిర్ణయించాను. అయితే నిర్ణయంతో పాటు త్యాగసమయాన్ని కూడా పంచాంగం వెనుక పుటలో వ్రాసి పెట్టాను. ఛాసిస్‌లో పగులు కనిపించిన నాడు. బాగుచేసిన ఇంజన్ ఏడాదిలోపు మరల పొగ వదిలిన నాడు. 2027లో తనిఖీ నెగ్గని నాడు. ఈ మూడింటిలో ఏది ముందు వచ్చినా మరమ్మతు ఆలోచన లేదు. అంతవరకు కొత్త బండి వాయిదా కట్టినట్లే భావించి నెలకు వేయి రూపాయలు పక్కన పెడుతున్నాను. అబ్బాయి ఈ షరతులు చదివి సమ్మతించాడు. ముందుగా షరతు వ్రాసుకోనివాడు ప్రతిసారీ 'ఈ ఒక్కసారి' అంటూ మోహానికి లొంగుతాడు.

ఆ నాడు వచ్చినప్పుడు ఎట్లు విడువవలెనో కూడా సంప్రదాయం నేర్పినది. గర్భాలయాన్ని పునర్నిర్మించునప్పుడు బింబంలోని కళలను కుంభంలోనికి ఆకర్షించి బాలాలయంలో నిలుపుతారు. యాదగిరిగుట్టలో అట్లే బాలాలయంలో పూజలందుకున్న స్వామి, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో ప్రధానాలయంలో దర్శనమిచ్చాడు. పూరీక్షేత్రంలో 2015లో నవకళేబరం జరిగినప్పుడు బ్రహ్మపదార్థం నూతన దారుమూర్తులలోనికి చేరినది. పాత మూర్తులకు కోయిలి వైకుంఠంలో సమాధి జరిగినది. దైతాపతులు అశౌచం కూడా పాటించారు. విడుచుట తప్పు కాదు, విడుచునప్పుడు కన్నీరు పెట్టుట కూడా తప్పు కాదు. కళను ముందు తరలించకుండా పాత్రను పారవేయుటయే తప్పు. బండియందు కళ ఏది? ఆ శివాలయంలో వేళకు వెలిగే దీపమే. అది ఏ వాహనం మీద చేరినా దీపానికి భేదం లేదు.

సాధకులకు నా మనవి ఇంతే. ఇంట్లో జీర్ణమైన వస్తువు ఏదైనా ఎదుటికి వచ్చినప్పుడు, కుట్టుమిషను కావచ్చు, మోటారు పంపు కావచ్చు, మొదట దాని ప్రధానాంగాన్ని చూడండి. పిదప దాని వలన ఇతరులకు కలిగే హానిని చూడండి. చివర మీ మనస్సు ఏ వేషంలో మాట్లాడుచున్నదో చూడండి. ఈ మూడు చూసిన తరువాత బాగుచేసినా ధర్మమే, విడిచినా ధర్మమే.

స్వస్తి.