మాయాద్వారానికి మీటరు పెడితే... విశాఖ లెక్క!

తెరమీద విశాఖను చూపించడం బహు సులువు. పల్లవి రామకృష్ణా బీచిలో, చరణం అరకులోయలో! మధ్యనున్న 100 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఎడిటర్‌గారి కత్తెర గుటుక్కున మింగేస్తుంది. కరెంటు ఖర్చు సున్న.

కానీ కుర్రకారు ఆడే వీడియో గేముల్లో ఇలా కుదరదు. ఇష్టమొచ్చినట్టు తవ్వుకుని, కట్టుకుని ఆడే ఆటల్లో మాయాద్వారాలుంటాయి. ఇక్కడ అడుగు పెడితే అక్కడ తేలడమే! దానికెంత కరెంటు గుంజాలన్నది ఆట తయారుచేసేవాళ్ల తలనొప్పి. ఉత్తినే ఇస్తే రైలుపట్టాలు ఎవడు వేస్తాడు? మరీ పిండితే ద్వారం దుమ్ముపట్టి పోతుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో ఎండర్ పెర్ల్ విసిరితే, అది పడ్డచోట తేలతాం; రెండున్నర గుండెల ప్రాణం పోతుంది. నెదర్ ద్వారానికైతే కనీసం 10 అబ్సిడియన్ దిమ్మెలు కావాలి. కట్టాక అంతా ఉచితం, పైగా అక్కడ ఒక అడుగు ఇక్కడ 8 అడుగులు! "పాతాళ భైరవి" (1951) లెక్కా ఇదేగా? బలి ఇచ్చేదాకానే కష్టం. ప్రతిమ కాజేశాక ఎస్.వి. రంగారావు మాంత్రికుడు మేడకు మేడనే ఎగరేసుకుపోయినా కానీ ఖర్చవదు. నాకైతే ఇది గిట్టుబాటు లెక్కలా కనబడదు.

అసలు ధర తెలియాలంటే విశాఖ స్టేషన్లో కిరండూల్ రైలెక్కండి. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపి జపాన్‌కు పంపడానికి వేసిన దారి ఇది. చీకటి, వెలుతురు, మళ్లీ చీకటి... దారి మొత్తానికి 50కి పైగా సొరంగాలు! బొర్రా గుహలు దాటి ఎక్కుతూ పోతే శిమిలిగుడ, సముద్రమట్టానికి 996 మీటర్లు.

అంత ఎత్తుకు 60 కిలోల మనిషిని లేపడానికి ఎంత కరెంటు కావాలంటారు? రాపిడి వగైరా వదిలేస్తే, యూనిట్‌లో ఆరో వంతు చాలు! టన్ను బరువుకు మాత్రం సుమారు 2.7 యూనిట్లు. అంటే మనిషి చవక, ఇనుము ఖరీదు. ఎదురుగా ఖనిజం నింపుకుని గూడ్సు దిగి వస్తుంది. ఇప్పటి ఎలక్ట్రిక్ ఇంజన్లు బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లై కొంత కరెంటు తీగకే తిరిగిస్తాయి. ఆటలోనూ ఇలాగే పెట్టాలి: దూరానికి కాదు, బరువుకీ ఎత్తుకీ మీటరు తిరగాలి, దిగేవాడికి కొంత వాపసు రావాలి.

ఇక గాజువాక దాటి ఉక్కు కర్మాగారం వైపు వెళ్లండి. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అంటూ జనం ప్రాణాలొడ్డి తెచ్చుకున్నది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో జాతికి అంకితమైంది. సొంత ఇనుప గని లేకుండానే పుట్టింది పాపం! ఆటలో కొలిమి ఒకచోట, గని ఇంకెక్కడో పెట్టుకున్న కుర్రాడి పాట్లే దానివీ. అందుకేనేమో పొదుపు బాగా నేర్చింది. ఎర్రగా కాలిన కోకును నీళ్లు చల్లి ఆర్పకుండా నైట్రోజన్ వాయువుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరీ కరెంటూ తీస్తుంది. బ్లాస్ట్ ఫర్నేసు పైనుంచి వచ్చే వాయువు ఒత్తిడితోనూ టర్బైన్ తిప్పుతుంది. ఖనిజం మాత్రం రైలెక్కి రావలసిందే, ప్రతి టన్నుకీ కిరాయి కట్టవలసిందే.