జీతం ఏ పద్దు కింద రాయాలె?



స్కాలర్‌షిప్ బకాయిల మీద రెండో భాగం ఈ వారం రాస్తానన్నాను. రాయలేకపోయాను. వారమంతా ఒక ఫారం ముందు కూర్చున్నాను. దాని గురించే రాస్తాను.

అమీర్‌పేటలో ఒకప్పటి సత్యం థియేటర్ దగ్గర్లో, ఒక సందులో, జిరాక్స్ షాపు పైన రెండు గదుల ఆఫీసు ఉంది. చుట్టూ జావా, పైథాన్ కోచింగ్ బోర్డులు. మాకు బోర్డు లేదు, డబ్బుల్లేక. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ల కోసం పనిచేసే చిన్న సొసైటీ అది. నడిపే అక్క తనే స్పెషల్ టీచర్. నల్లగొండ జిల్లా మాదిగ బిడ్డ. నేను నెలాఖరున పోయి లెక్కలు రాసి వస్తాను. పంజాగుట్టలో ఒక ఆడిటర్ దగ్గర ఏడేళ్లు ఓచర్లు రాసిన చెయ్యి, ఊరికే ఉండదు.

మేం పిల్లలకు చదువు చెప్పం. చెప్పేవాళ్లకు తోడుంటాం. ఆ టీచర్లలో ఎక్కువమంది మన ఎస్సీ, బీసీ ఇళ్ల ఆడపిల్లలే. డీఎడ్ స్పెషల్ చేసి, ప్రైవేటు సెంటర్లలో పది పన్నెండు వేలకు పనిచేస్తుంటారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉంటేనే ఈ పని చేయనిస్తారు. దాన్ని ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించాలె, దానికోసం శిక్షణలకు పోవాలె, ఫీజు కట్టాలె. ఆ ఫీజుకు మా దగ్గర అప్పు దొరుకుతుంది. ఒక్కో పిల్లవాడికి విడిగా ఏడాది ప్రణాళిక రాయాలె, ఐఈపీ అంటారు. అది రాయడం ఎట్లనో అక్క పక్కన కూర్చొని నేర్పిస్తుంది. రాత్రి పదింటికి ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్ల ఫోన్ ఎత్తుతుంది. అక్కకూ ఇంకో ఇద్దరికీ జీతాలు, గది కిరాయి. మా ఖర్చు అంతే.

ఇప్పుడు ఫారం సంగతి. ఒక కంపెనీ సీఎస్సార్ డబ్బు ఇస్తామంది. బొమ్మల కిట్లు కొంటే ఎన్నయినా ఇస్తారు, డబ్బా మీద వాళ్ల లోగో వేయాలె. అక్క జీతం మాత్రం 'అడ్మిన్ ఖర్చు'. అది 5 శాతం దాటొద్దు. చట్టంలోనే ఉంది సార్, అన్నారు ఫోన్లో.

చట్టం నేను కూడా చదివాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలె. 2021 జనవరిలో సవరించిన నియమాల్లో ఉన్న 5 శాతం పరిమితి, కంపెనీ తన సీఎస్సార్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద. వాళ్ల ఆఫీసుకు కట్టిన తాడు అది. తెచ్చి మా మెడకు వేస్తున్నారు. విదేశీ విరాళాల నియమాలు ఎంత కఠినమైనవో మీకు తెలుసు. 2020 సవరణతో పరిపాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి కోశారు. ఆ నియమాలు కూడా బడిలో టీచర్ జీతాన్ని పరిపాలనా ఖర్చు కింద లెక్కపెట్టవు. ఇదంతా చెప్పాను. "మా పాలసీ సార్" అన్నారు.

ఈ సంవత్సరం మేం చేసిన ఒక పని చెబుతాను, ఏ పద్దు కింద రాయాలో మీరే చెప్పండి.

పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంట్. బడికి పోలేని తొమ్మిదేళ్ల బాబు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు 2012 విద్యాహక్కు సవరణతో వచ్చింది. మా చెల్లె ఒకామె ఆ ఇంటికి పోయి చెప్పేది. ఈ పిల్లలకు చదువంటే అఆలు ఒక్కటే కాదు. బొత్తాం పెట్టుకోవడం, బాత్రూంకు పోవాలని సైగ చేయడం, చేత్తో ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం. ఆరు నెలలు ఆమె ఆ బాబు డైపర్ మార్చింది, చొంగ తుడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. ముద్ద నేర్పించే రోజు వచ్చింది. బాబు చెయ్యి పట్టుకొని పప్పన్నం కలపబోయింది. నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏమోళ్లు బిడ్డా మీరు?" అని అడిగింది.

చెప్పింది. మర్నాటి నుంచి అన్నం పని మేం చూసుకుంటాం, మిగతావి నువ్వు చూడు, అన్నారు. మిగతావి అంటే ఏమిటో చెప్పాల్నా?

చెల్లె మానేస్తానంది. అక్క వద్దనలేదు, మానెయ్యమనీ అనలేదు. ఇద్దరూ కలిసి నాలుగు సాయంత్రాలు ఆ ఇంటికి పోయారు. మెట్రోలో ఒక్క స్టేషన్. ఏం మాట్లాడారో నాకు పూర్తిగా చెప్పలేదు. నాలుగో రోజు బాబు తల్లి కంచం తెచ్చి చెల్లె ముందు పెట్టింది. నాయనమ్మ లోపలి గదిలోంచి బయటికి రాలేదు, ఇప్పటికీ రాదు. బాబు మాత్రం తన చేత్తో తింటున్నాడు. సగం కింద పోస్తాడు.

ఆ పని మా పుస్తకంలో 'ప్రయాణ ఖర్చులు' అని ఉంది. అడ్మిన్.

ఫారంలో ఇంకో గడి ఉంది: మీరు శిక్షణ ఇచ్చినవాళ్లలో ఎంతమంది వదిలిపోయారు? 2024 తెలంగాణ డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు. అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి స్కూల్ అసిస్టెంట్ 220, ఎస్జీటీ 796. మా గదిలో కూర్చొని చదివిన ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి. ఆ రోజు జిరాక్స్ షాపు అన్నతో సహా అందరం మిర్చిబజ్జీలు తిన్నాం. సర్కారు కొలువు, పెన్షన్, 'మేడమ్' అనే పిలుపు. వాళ్లింట్లో మొదటిసారి. ఆ ఫారంలో వాళ్లిద్దరూ నష్టం కింద పడతారు.

ఆ పోస్టులు కూడా ఊరికే రాలేదు. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబర్ 28న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, ప్రైమరీలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, అప్పర్ ప్రైమరీలో 15 మందికి ఒకరు అని లెక్క ఖరారైంది. 2025 మార్చిలో అదే కోర్టు పోస్టులు మంజూరు చేయమని రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మండలాల్లో భవిత కేంద్రాలను నడిపే ఐఈఆర్పీలు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష ఉద్యోగుల సమ్మె టెంట్లలో వాళ్లను చూసే ఉంటారు. పోస్టులన్నీ నిండితే మా రెండు గదులు మూసేయొచ్చు. అక్క కూడా అదే అంటుంది, నవ్వుతూ.

ఫారం శుక్రవారం లోపు పంపాలె. అక్క జీతాన్ని 'అడ్మిన్' గడిలో రాయను, 'టీచర్ల శిక్షణ' గడిలోనే రాస్తాను, పక్కన నియమం నంబరు కూడా వేస్తాను. డబ్బు రాకపోవచ్చు. రాకపోతే టీచర్లు నెలకు వేసుకునే రెండు వందల చందాతో గది కిరాయి వెళ్తుంది, జీతాలు వెళ్లవు. సీఏ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఆదివారం పొద్దున వచ్చి ఒకసారి ఈ లెక్కలు చూడండి. మెసేజ్ పెడితే దారి చెబుతాను. చాయ్ ఖర్చు నాది, ఏ పద్దులోనూ రాయను.