స్ఫటికముల విమానయానము

మిల్లీమీటరులో పదవవంతైనను లేని ప్రోటీన్ స్ఫటికమును సూదికొననున్న నైలాన్ ఉచ్చుతో నొడిసిపట్టి, మైనస్ 196 డిగ్రీల ద్రవనత్రజనిలో ముంచి, అట్టి 16 సూదులు పట్టు "పక్" అను బిళ్లలో నమర్చి, హైదరాబాదునుండి గ్రెనోబుల్‌లోని ఎక్స్-కిరణముల యంత్రమగు సింక్రోట్రాన్‌కు పంపుటలో అసలు విద్య యంతయు పెట్టెను సిద్ధపరచుటయందే యున్నది. "డ్రై షిప్పర్" అను ఆ పెట్టె లోగోడలు నత్రజనిని తనివితీర పీల్చిన పిమ్మట, మిగిలిన ద్రవమును చుక్కలేకుండ వంపివేసిననే విమానమువారు దానిని స్వీకరింతురు. అంత శ్రమపడి పంపినదానిని దారిలో నెవరేని అడ్డముగ పరుండబెట్టిరా, చలువ త్వరితముగ తరిగిపోవును. ("నిలువుగ నుంచుడు" అను చీటిని లెక్కచేయు పుణ్యాత్ముడు నా కింకను తారసపడలేదు!) అక్కడ రోబో చేయి సూదిని కిరణమున కెదురుగ నిలుపగా, ఇక్కడ మనము కుర్చీ కదలకయే దత్తాంశమును సేకరింతుము. మిత్రులారా, మూత బిగించుటకు ముందే, ఏ స్థానమున ఏ స్ఫటిక మున్నదో పట్టికతో నొక్కమారు సరిచూచుకొనుడు.