అమ్మ అగ్గిపుల్ల

చిన్నప్పుడు మా ఇంట్లో గోబర్ గ్యాస్ పొయ్యి ఉండేది. ప్లాంటు కట్టిన కొత్తలో గ్యాసు ఓ పట్టాన అంటుకునేది కాదు. అంటుకున్నా, మంట బర్నర్ని వదిలి పైకి లేచి, అటూ ఇటూ ఊగి, టప్పున ఆరిపోయేది. అమ్మ అగ్గిపుల్ల పట్టుకుని పొయ్యి దగ్గరే కూర్చునేది.

ఆ మంటని మళ్ళీ అమెరికాలో చూస్తాననుకోలేదు. ఇక్కడ పెద్ద పెద్ద చెత్తగుట్టల్లో పుట్టే గ్యాసుని వదిలెయ్యకుండా పట్టాలని 1996లో నిబంధన వచ్చింది. మేరీలాండ్‌లోని నాసా గొడార్డ్ కేంద్రం 2003లో అలాంటి గ్యాసుతోనే తన భవనాల్ని వేడిచేయడం మొదలుపెట్టింది. నాకు పని దొరికిన చోట కూడా చెత్తగ్యాసు బాయిలరే. దాని రీడింగుల్ని తెరమీద చూపించే ప్రోగ్రాం రాయాలి.

మంట సెన్సర్ గీత పూనకం వచ్చినట్టు ఊగేది. ఊరికే అలారాలు. "30 సెకన్ల సగటు తీసి చూపిద్దాం, గీత నున్నగా వస్తుంది" అన్నాను గొప్పగా. అక్కడి ఆపరేటరు పెద్దాయన ఏమీ అనకుండా నన్ను బాయిలర్‌కున్న చిన్న గాజుకిటికీ దగ్గరకి తీసుకెళ్ళాడు. లోపల మంట వణుకుతోంది.

ఈ గ్యాసులో దాదాపు సగమే మీథేన్. మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. అది తను కాలదు సరికదా, మంట వేడిని తాగేస్తుంది. అలజడి లేని గాలిలో మామూలు మీథేన్ మంటే సెకనుకి సుమారు 40 సెంటీమీటర్లు పాకుతుంది. ఇది ఇంకా నిదానం. గ్యాసు జోరు ఎక్కువైతే మంట కొట్టుకుపోతుంది. అందుకే గాలిని వంపు రెక్కల మధ్యనుంచి సుడి తిప్పి పంపుతారు. సుడి నడుమ ఒత్తిడి తగ్గి, కాలిన వేడి వాయువులు వెనక్కొచ్చి కొత్త గ్యాసుని అంటిస్తూ ఉంటాయి. అచ్చం అమ్మ అగ్గిపుల్లే!

గ్యాసు మరీ పలచబడితే ఆ అగ్గిపుల్లా చాలదు. మంట ముందు వణుకుతుంది, తర్వాత ఆరిపోతుంది. ఆరాక కూడా గ్యాసు వస్తూ ఉంటే పేలుడే. గ్యాసు కట్టేసే ఏర్పాటు వేరే ఉందనుకోండి, కానీ అంతదాకా రాకుండా మనిషిని హెచ్చరించేది ఆ వణుకే. నేను చెరిపేద్దామన్నది దాన్నే.

మళ్ళీ సగటు ఊసెత్తలేదు. ఫోన్లో అమ్మకి చెబితే, "మంట మీంచి చూపు తియ్యకూడదని అప్పుడే చెప్పాగా" అంది. మాస్టర్స్‌లో మాత్రం ఎవరూ చెప్పలేదు మరి!