గుమ్మటం లేని మసీదు

వెళ్ళింది ఒక్కళ్ళమే. అయినా మేం అనే రాస్తున్నాం. ఎక్కడికి పోయినా మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఒక్క మనిషిని అడిగేవి కావు గనక.

మాది భట్టిప్రోలు. అప్పటికి గుంటూరు జిల్లా, 2022 నించి బాపట్ల జిల్లా. తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే మా స్టేషనొస్తుంది. ఊళ్ళో దిబ్బ ఉంది, బుద్ధుడి స్తూపం. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర తవ్విస్తే రాతి పెట్టెలు బయటపడ్డాయి. వాటిమీద బ్రాహ్మీ రాతలు. తెలుగు లిపి ఎక్కడ మొదలైందీ అని వెతికేవాళ్ళు ఆ రాతల దగ్గరికి రాక తప్పదు. అంటే తెలుగు అక్షరం మా పెరట్లో మొలిచినట్టే లెక్క. ఆ తెలుగే మాకు తంటా తెచ్చిపెట్టింది.

మేం దూదేకులవాళ్ళం. నూర్‌బాషాలనీ అంటారు. ఇంట్లో తెలుగు, కలలో తెలుగు, తిట్టుకున్నా తెలుగే. పేర్లు మాత్రం మస్తాను, బాజీ, నాగుల్ మీరా. ఉర్దూ ముక్క రాదు. సంబంధానికి పోతే 'ఉర్దూ రాదా? ఓహో, దూదేకులా' అని పెదవి విరిచే సాయిబులు ఒకవైపు. 'మీరు సాయిబుల్లా ఉండరండీ, అచ్చం మాలాగే ఉంటారు' అని మెచ్చుకునే ఇరుగుపొరుగు ఇంకోవైపు. చిన్నప్పుడు ఆ మెప్పుకి మురిసిపోయేవాళ్ళం. 1992 డిసెంబరు తరవాత అది మెప్పులా వినపడలేదు. టౌన్లో అద్దె ఇంటికి పోతే పేరు చెప్పేదాకా 'మాలాగే'. పేరు చెప్పగానే ఇల్లు అంతకుముందే ఎవరికో ఇచ్చేసి ఉండేవాళ్ళు.

చైనా పిచ్చి మాకు బళ్ళో పట్టుకుంది. సాంఘిక శాస్త్రం చెప్పే మేష్టారు హ్యూయన్‌త్సాంగ్ గురించి కథలా చెప్పేవారు. ఏడో శతాబ్దంలో అంత దూరం నించి వచ్చి, మన వేంగి దేశం, ధాన్యకటకం చూసిపోయాడని. ఆయన బయల్దేరిన ఊరు చాంగాన్, ఇప్పటి షియాన్. ఆయన మన దగ్గరికొచ్చాడు గదా, మనం ఆ ఊరికి ఒకసారి పోయొస్తే తప్పేంటి అనుకున్నాం. ఆ ఊళ్ళో వెయ్యేళ్ళకి పైబడి ముస్లింలున్నారని తెలిశాక ఇక ఆగలేదు. 2019 అక్టోబరు చివర కౌలాలంపూర్ మీదుగా పోయి దిగాం. తోడెవరూ లేరు. అమ్మ మాత్రం 'అక్కడ పాముల్ని తింటారంట నాయనా' అని రెండు డబ్బాల కారప్పొడి, గోంగూర పచ్చడి కట్టిచ్చింది.

మొదటిరోజు అడవిబాతు గోపురం చూశాం. హ్యూయన్‌త్సాంగ్ మన దేశం నించి మోసుకెళ్ళిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టారు. ఏడంతస్తులు, ఇప్పటికీ నిలబడే ఉంది. ముందు ఆయన విగ్రహం. మా దిబ్బ గుర్తొచ్చింది. దాని ఇటుకల్ని బ్రిటిష్‌వాళ్ళ కాలంలో రోడ్లు వేయడానికి తవ్వుకుపోయారు. మిగిలింది గుండ్రటి ఇటుకల దిమ్మె. రెండోరోజు ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ మీద అద్దె సైకిలు తొక్కాం. చుట్టు 13.7 కిలోమీటర్లు. తొడలు పట్టేశాయి. మట్టి సైనికుల్నీ చూశాం. 1974లో బావి తవ్వుకుంటున్న రైతులకి దొరికినవాళ్ళు. వాళ్ళ గురించి రాయడానికి లోకమంతా ఉంది, మేం రాయక్కర్లేదు.

మేం పోయింది ముస్లిం వీధి కోసం. 1380లో కట్టిన నగారా గోపురం ఒకటుంది. దాని కింద నించి అవతలికి దూరితే ఆ వీధే. సందు నిండా పొగ, జీలకర్ర వాసన, జనం. ప్రతి కొట్టు మీదా రెండు చైనా అక్షరాలు: చింగ్‌జెన్. స్వచ్ఛం, సత్యం అని వాటి అర్థం. మనం హలాల్ అనేదానికి వాళ్ళ మాట. తెల్ల టోపీల మగాళ్ళు, తలకి గుడ్డ కట్టుకున్న ఆడాళ్ళు. మొహాలు మాత్రం చైనా మొహాలే. మన దగ్గర సాయిబంటే ఒక గడ్డం, ఒక లుంగీ, సగం వచ్చిన తెలుగు. సినిమావాళ్ళు గీసిపెట్టిన బొమ్మ. అందులో మేమే పట్టం. ఇక వీళ్ళేం పడతారు?

వీళ్ళని హుయ్‌లంటారు. చైనా మొత్తం మీద కోటికి పైగా ఉన్నారు. అరబ్బు దేశాల నించీ పారశీకం నించీ వచ్చిన వర్తకులు ఇక్కడి ఆడవాళ్ళని చేసుకుని, ఇక్కడే ఉండిపోయి, ఇక్కడి భాషే మాట్లాడుకుంటూ వచ్చారు. 1862లో ఈ రాష్ట్రంలో హుయ్‌ల తిరుగుబాటు మొదలైంది. ఆ మారణకాండలో చచ్చినవాళ్ళు చావగా, ఊళ్ళు వదిలి పోయినవాళ్ళు పోగా, షియాన్ కోటగోడ లోపలున్నవాళ్ళు మిగిలారు. ఈ కబాబు కాలుస్తున్న కుర్రాడు ఆ మిగిలినవాళ్ళ మునిమనవడై ఉంటాడు.

తిన్నవన్నీ చెబితే నోరూరడం తప్ప లాభం లేదు గాని, కొన్ని చెప్పాలి. చెక్క సమ్మెటలతో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దబదబా బాదే వేరుశనగ మిఠాయి. పొద్దున్నే మిరియాల ఘాటుతో మాంసం ఉండల చారు. బియాంగ్ బియాంగ్ అని నడుం బెల్టంత వెడల్పు నూడుల్సు. గిన్నెలో వేసి పైన ఎండుకారం పోసి, దానిమీద కాగిన నూనె చుయ్యిమని పోస్తారు. ఆ ఘాటుకి మా ముక్కు గుంటూరు మిర్చి యార్డు దాకా పోయొచ్చింది. తింటే కారం లేదు. అంతా రంగే. సంచీలోంచి అమ్మ డబ్బా తీసి చల్లుకున్నాం. పక్కనున్న కుర్రాడు చెయ్యి చాపాడు. వేశాం. కళ్ళంట నీళ్ళు కారుతుంటే బొటనవేలు చూపించి, 'ఇందు?' అన్నాడు. ఇండియాకి వాళ్ళ మాట. అవునంటే 'ఆమిర్ ఖాన్!' అని కేకేశాడు. 2017లో దంగల్ అక్కడ విరగబడి ఆడింది. ఇక్కడ ఖాన్ అన్న పేరుకి మొహం చిట్లించేవాళ్ళున్నారు. అక్కడ మన దేశానికి పేరే ఖాన్.

మూడోరోజు మధ్యాహ్నం యాంగ్‌రో పావ్‌మో తిందామని కూచున్నాం. రెండు గట్టి రొట్టెలు, ఒక ఖాళీ గిన్నె తెచ్చి పెట్టింది ఒకావిడ. రొట్టె మనమే తుంచుకోవాలి. బక్రీదు మర్నాడు మిగిలిన షేర్వాలో అమ్మ రొట్టె తుంచి ఇచ్చేది, ఆ అలవాటున పెద్ద పెద్ద ముక్కలు చేశాం. ఆవిడ గిన్నెలోకి చూసి తలూపి, చిటికెనవేలి గోరు చూపించింది. అంత చిన్నగా ఉండాలట! ఎదురుగా తెల్ల టోపీ ముసలాయన ఒకడు నవ్వుతూ గిల్లినట్టు తుంచడం నేర్పాడు. అరగంట పట్టింది. గిన్నె లోపలికి తీసుకుపోయి, పొట్టేలు మాంసం, చారు, సేమ్యాలాంటిది వేసి ఉడికించి తెచ్చారు. నంజుకోడానికి తియ్యటి వెల్లుల్లి ఊరగాయ. డబ్బులిద్దామని నోటు తీస్తే కొట్లో పిల్ల నోటు వంక వింతగా చూసింది. అందరూ ఫోన్లతో కడుతున్నారు.

ముసలాయన మమ్మల్ని పెద్ద మసీదుకి తీసుకుపోయాడు. గేటు దగ్గర టికెట్టు 25 యువాన్లు, ముస్లింలకి అక్కర్లేదు. కౌంటర్లో ఆవిడ మా వంక చూసి 'ముసిలిన్?' అంది. 'అస్సలాము అలైకుం' అన్నాం. పొమ్మని చెయ్యూపింది.

మేం కదల్లేదు. రెండో ప్రశ్న కోసం చూస్తున్నాం. ఉర్దూ వచ్చా? మీరు షేకులా, సయ్యదులా, పఠాన్లా? అసలు ఏ సాయిబులు? నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్న కోసం జవాబు సిద్ధం చేసుకుని తిరుగుతున్నవాళ్ళం. అది రాలేదు. వెనక లైన్లో ఉన్నావిడ కసురుకుంటే అప్పుడు లోపలికి నడిచాం.

లోపల గుమ్మటం లేదు. మినారు లేదు. చూరు కొనలు పైకి లేచిన పెంకుల కప్పులు, చెక్క తోరణాలు, రాతి శాసనాలు, తోటలు. మొదట 742లో వెలిసిందని చెబుతారు. ఇప్పుడున్న కట్టడం 1392 నాటి నించీ వస్తున్నది. మినారుకి బదులు ఎనిమిది మూలల గోపురం ఒకటి, మనసుని పరీక్షించుకునే గోపురమని దాని పేరు. బోర్డు లేకపోతే గుడి అనుకుంటారు ఎవరైనా. ఒకదాని వెనక ఒకటి వాకిళ్ళు దాటుకుంటూ పడమటికి పోతే నీలం పెంకుల నమాజు హాలు. గోడల చెక్కల మీద కురాను మొత్తం చెక్కారు, అరబ్బీలోనూ చైనా అక్షరాల్లోనూ. టూరిస్టులు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వజూ చేసుకుని మేం లోపలికి పోయాం. సాయంత్రపు నమాజు. భట్టిప్రోల్లో ఎటు తిరుగుతామో అక్కడా అటే, పడమటికే.

నమాజయ్యాక ముసలాయన మెట్లమీద కూచుని మాట్లాడాడు. మధ్యలో ఫోను. మేం ఇంగ్లీషు కొడితే చైనా అక్షరాలొస్తాయి, ఆయన కొడితే ఇంగ్లీషు. కాని ఫోను అక్కర్లేని మాటలూ ఉన్నాయి. నమాజుని వాళ్ళూ ఇంచుమించు నమాజనే అంటారు. సాటి ముస్లింని దోస్తి అంటారు. ఇమాం వాళ్ళకి ఆహోంగ్, అది ఫార్సీ ఆఖుంద్. ఉర్దూ రాని మాకూ, ఉర్దూ పేరైనా వినని ఆయనకీ దోస్తు అర్థమైంది. మాకది తెలుగు మాట, ఆయనకది చైనా మాట.

ఆయన తన గుర్తింపు కార్డు చూపించాడు. అందులో జాతి ఒక గడి, హుయ్ అని రాసుంది. మా కులం సర్టిఫికెట్టు గుర్తొచ్చింది. దూదేకుల, బి.సి.-బి. మిగతా పేద ముస్లింలకి 2007లో వచ్చింది బి.సి.-ఇ. సర్కారు గళ్ళలోనే మేం ఒకచోట, వాళ్ళు ఒకచోట.

మేం అడగదల్చుకున్నది అడిగేశాం. మీరు అసలైన ముస్లింలేనా అని ఎవరైనా అడుగుతారా? ఆయన చాలాసేపు కొట్టాడు. 'అరబ్బు దేశాల్లో చదువుకొచ్చిన కుర్రాళ్ళు మసీదు ఇలా ఉండకూడదంటారు. పైవాళ్ళు అన్ని మసీదులూ ఇలాగే ఉండాలంటారు.' మేం చదివామని చూసుకుని, ఆ రెండు వాక్యాలూ చెరిపేశాడు. ఫోను జేబులో పెట్టుకుని రొట్టె తుంచినట్టు వేళ్ళాడించి నవ్వాడు.

ఆ చెరిపేసిన మాట అర్థం కావడానికి మేం ఇంటికొచ్చి చదువుకోవాల్సొచ్చింది. ఇస్లాంని చైనా మయం చేయాలని 2018లో అక్కడి సర్కారు అయిదేళ్ళ పథకం పెట్టింది. ఆ ఏడాది ఆగస్టులో నింగ్‌షియాలోని వైజౌ ఊళ్ళో కొత్తగా కట్టుకున్న పెద్ద మసీదుని కూలుస్తామంటే వేలమంది హుయ్‌లు అడ్డంగా కూచున్నారు. తరవాత దాని గుమ్మటాలు పోయాయి. ఇంకా ఎన్నో ఊళ్ళలో గుమ్మటాలు, మినార్లు తీసేశారు. 2019లో బీజింగులో హలాల్ హోటళ్ళ బోర్డుల మీది అరబ్బీ తీయించారు. షిన్‌జియాంగ్‌లో ఉయ్‌ఘుర్ ముస్లింలని 2017 నించీ శిబిరాల్లో పెట్టిన సంగతి, 2022 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన నివేదికా లోకానికి తెలుసు.

మేం కళ్ళార్పకుండా చూసిన ఆ గుమ్మటం లేని మసీదుని ఎవరి బలవంతం మీదో కట్టారని మాకనిపించలేదు. వాళ్ళ వడ్రంగులు వాళ్ళకొచ్చిన పనితో కట్టారు. మేం మాకొచ్చిన తెలుగులో ఏడ్చినట్టే. కాని దాన్నే చూపించి ఇంకో ఊరి గుమ్మటం మీదికి గునపం పంపొచ్చు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. చైనా పోకముందు సంగతి. మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూచున్నాం. ఉర్దూ మాట్లాడే సాయిబు, మోటారు సైకిళ్ళు బాగుచేసే భాయ్, అక్కడే ఉన్నాడు. బురఖాల మీదికి మాట మళ్ళింది. ఊళ్ళో పెద్దాయన ఒకాయన మా భుజమ్మీద చెయ్యేసి, 'వీళ్ళూ తురకలేగా! ఎంత పద్ధతిగా కలిసిపోయుంటారో చూసి నేర్చుకోవయ్యా' అన్నాడు. భాయ్ మా వంక చూశాడు. మేం టీ గ్లాసులోకి చూసుకున్నాం. ఉర్దూ రాదని పిల్లనివ్వనివాళ్ళలో వాడూ ఒకడే గదా అని లోపల ఒక మూల చల్లగా కూడా అనిపించింది. ఆ చల్లదనం షియాన్‌లో ముసలాయన మాట చెరిపేస్తున్నప్పుడు గొంతుకి అడ్డంపడింది.

వచ్చే ముందురోజు ఒక సందులో పరుపుల కొట్టు చూశాం. పని మిషన్ మీదే గాని గోడకి దూదేకే విల్లు వేలాడుతోంది. మా తాత విల్లులాంటిదే! తాడు మీద వేలితో కొట్టాం. టంగుమంది. కొట్టువాడు ముస్లిం కాడు. మా పనివాడు అక్కడ, మా నమాజువాడు రెండు సందుల అవతల. దీన్నేమనాలో మాకిప్పటికీ తెలీదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకుంటారని. చైనా భాషే అన్నాం. 'మరి మనలాగేగా' అని కారప్పొడి డబ్బాలు కడగడానికి పోయింది.

తెచ్చిన మిఠాయిలో ఒక పొట్లం తీసుకుని భాయ్ షెడ్డుకి పోయాం. చేతులకి ఆయిలు. పొట్లం అటూ ఇటూ తిప్పాడు.

'హలాలేనా భాయ్?'

పొట్లం మీది రెండక్షరాలు చూపించాం. చింగ్‌జెన్, దానర్థం ఇదీ అని చెప్పాం.

'నాకు చదవడం వస్తే గదా. మీకొచ్చా?'

రాదన్నాం. ఆ రెండక్షరాలే గుర్తుపడతామన్నాం.

పాంటుకి చేతులు తుడుచుకుని, 'సరే, మీరు చెప్పారుగా' అని ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.