బాస్ లేని సోమవారం

ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా మొదలుపెట్టినవాళ్లను అందరూ అడిగేది ఒకటే: ‘డబ్బులొస్తున్నాయా?’ నన్నడిగితే దానికంటే కష్టమైన ప్రశ్న ఇంకోటుంది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి, అడిగేవాళ్లెవరూ లేనప్పుడు, ల్యాప్‌టాప్ ఎందుకు తెరవాలి?

కంపెనీలో ఉన్నప్పుడు ఈ ప్రశ్నే రాదు. మీటింగ్ ఉంటుంది, మేనేజర్ ఉంటాడు, నెలాఖరుకి జీతం పడుతుంది. నేనూ నా ఇంజినీరింగ్ క్లాస్‌మేటూ కలిసి మెడికల్ షాపులకీ, కిరాణా కొట్లకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసివ్వడం మొదలుపెట్టి రెండేళ్లయింది. హనుమకొండలో మా మేడ మీది గదే ఆఫీసు. ఈ రెండేళ్లలో నాకు అర్థమైందేంటంటే, ఉత్సాహం చుట్టంలాంటిది. కొత్త ఆర్డర్ వచ్చిన రోజు వస్తుంది, పేమెంట్ ఆగిన రోజు చెప్పకుండా వెళ్లిపోతుంది. దాన్ని నమ్ముకుని వ్యాపారం నడపలేం. మోటివేషన్ వీడియోల వేడి మధ్యాహ్నం భోజనం దాకా కూడా ఉండదు.

ముందు బోణీ

ఈ విషయంలో మాకు గురువులు మా కస్టమర్లే. ఒక కిరాణా కొట్లో సాఫ్ట్‌వేర్ పెట్టడానికి పొద్దున్నే ఆరున్నరకి వెళ్లాను. ఆయన షట్టర్ తీసి, ఊడ్చి, నీళ్లు చల్లి, అగరొత్తులు వెలిగించాడు. ‘రోజూ ఇంత పొద్దున్నే తియ్యాలంటే విసుగు రాదా అంకుల్?’ అన్నాను. ‘ఇసుగొచ్చినా షట్టర్ తియ్యాల్సిందే గద బిడ్డా. తీసినంక అదే పోతది’ అన్నాడు.

అప్పట్నుంచి మేమూ బోణీ పెట్టుకున్నాం. రోజులో మొదటి పని అరగంటలో పూర్తయ్యేది, కస్టమర్‌కి చేరేది అయ్యుండాలి. చిన్న బగ్ సరిచేయడమో, కొటేషన్ పంపడమో. అది అయ్యేదాకా ఇన్‌స్టా లేదు, వాట్సాప్ గ్రూపులు లేవు. బోరు కొట్టించే లెక్కల పనికి మాత్రం పొమొడోరో పద్ధతి వాడతాం. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు దాన్ని. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. కోడ్ రాసేటప్పుడు నాకు 25 చాలదు, 50 పెట్టుకుంటాను.

తేదీలే మేనేజర్లు

నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-3బీ గడువు 20. మన మూడ్ బాగున్నా లేకున్నా ఆ తేదీలు ఆగవు, దాటితే రోజుకింత అని లేటు ఫీజు. భయపెట్టే ఈ తేదీలనే మేం మేనేజర్లను చేసుకున్నాం. 1న ఇన్‌వాయిస్‌లు, 5న బాకీల ఫోన్లు, 10కల్లా రిటర్ను సిద్ధం. ఏం చేయాలో రోజూ కొత్తగా ఆలోచించుకోవాల్సిన పని తప్పింది.

సందేహానికీ ఒక తేదీ

నిరుడు ఒక పెద్ద కస్టమర్ నాలుగు నెలలు డబ్బులు ఆపాడు. అది మాకు మూడు నెలల ఖర్చుతో సమానం. అదే వారం పాత టీమ్ నుంచి ఫోన్, ఖాళీ ఉంది వస్తావా అని. ఆ రాత్రి నా ఫ్రెండ్ ‘పోదామారా?’ అన్నాడు. నేను వెంటనే కాదనలేకపోయాను. ఇద్దరం కూర్చుని లెక్క రాశాం. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నంతవరకు ‘మూసేద్దామా’ అనే మాట మూడు నెలలకోసారి, క్వార్టర్ మొదటి ఆదివారమే మాట్లాడుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. మిగతా రోజుల్లో ఆ ప్రశ్న వస్తే నోట్‌బుక్‌లో రాసి పక్కన పెట్టడమే. రోజూ ఒకే సందేహంతో కుస్తీ పడితే పనికి ఓపిక మిగలదు.

బాకీ సంగతి కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి 2006 ఎంఎస్ఎంఈ చట్టం అండ ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదు కూడా చేయొచ్చు. మేం ఆ సెక్షన్లు రాసి మర్యాదగా ఒక మెయిల్ పంపాం. రెండు విడతల్లో డబ్బులొచ్చాయి.

షట్టర్ దించడం

ఇంటి నుంచి పనిచేస్తే ఇంకో చిక్కుంది. ‘ఇంట్లనే ఉన్నవ్ గదా, గ్యాస్ బండ వస్తది సూడు’ అంటుంది అమ్మ. ఆమె తప్పేం లేదు, మెడలో ఐడీ కార్డు లేని కొడుకు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాడు. అందుకే 9 నుంచి 1 దాకా కొట్టు తెరిచి ఉన్నట్టు, ఒంటిగంట తర్వాత ఇంటి పనులని అమ్మతో మాట్లాడుకున్నాను. రాత్రి ఎనిమిదికి మూసేయడం కూడా క్రమశిక్షణే. కొట్టాయన గల్లా లెక్కపెట్టి తాళం వేస్తాడు. మేం మూడు లైన్లు రాస్తాం: ఇవాళ ఏం పూర్తయింది, ఏం ఆగింది, రేపటి బోణీ ఏంటి.

ఇవన్నీ చేసినా వ్యాపారం నిలబడుతుందన్న గ్యారంటీ లేదు. ఈ క్వార్టర్ లెక్కలో మా చేతిలో ఉన్నది ఏడు నెలల ఖర్చు. కాబట్టి ఆ ప్రశ్న మళ్లీ జులై మొదటి ఆదివారమే.