తడి గోనెపట్టా

తడిసిన గోనెపట్టా వాసన ఎక్కడ తగిలినా నాకు నాయనమ్మే గుర్తొస్తుంది.

మాది పల్నాడులో ఒక చిన్న ఊరు. రెంటచింతల పెద్ద దూరం కాదు. వేసవి సాయంత్రాల్లో రేడియో వార్తలు ఎండల దగ్గరికి వచ్చేసరికి రెంటచింతల పేరు వినపడాల్సిందే. ఆ పేరు వినగానే అందరూ ఆకాశం వైపు చూస్తే, నాయనమ్మ మాత్రం రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకునేది. "ఒరే అబ్బాయ్, లోపల పిట్ట కొట్టుకుంటందిరా" అనేది నాతో.

ఊళ్లో అందరూ దాన్ని గుండె దడ అనేవాళ్లు. చిన్నప్పుడు ఆమెకు కీళ్లు వాచే జ్వరం వచ్చి నెలల తరబడి మంచాన పడిందట. ఇప్పుడు ఆ జ్వరాన్ని పోల్చుకోగలను. గొంతునొప్పిగా వచ్చి, కీళ్లను వదిలేసి, గుండె కవాటాన్ని పట్టుకునే జ్వరం అది. ఏళ్లు గడిచేకొద్దీ కవాటం ముడుచుకుపోయి ఇరుకవుతుంది. రక్తం ముందుకు సాగక దాని వెనకున్న గది ఉబ్బుతుంది. ఉబ్బిన గదిలో గుండెను నడిపే కరెంటు దారి తప్పుతుంది. అప్పుడు గుండె పై గదులు కొట్టుకోవు, నిమిషానికి 350 సార్లకు మించి వణుకుతాయి. ఆ వణుకులో కిందికి దిగిన కొన్నే నాడి దెబ్బలవుతాయి. వాటికొక వరస ఉండదు. నాడి చూసి మందిచ్చే వైద్యుడొకాయన మా ఊరు వచ్చేవాడు. పాము నడక, కప్ప గెంతు, హంస నడక అని ఆ శాస్త్రంలో పోలికలుంటాయి. నాయనమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. ఏ నడకా చెప్పలేదు. "ఎండలో తిప్పకండి" అని మాత్రం అన్నాడు.

ఆ ఒక్క మాట చుట్టూ మా ఇల్లు తన వేసవిని అల్లుకుంది.

ఇంటికి నాపరాళ్ల మిద్దె. పగలంతా ఎండను మింగి, రాత్రంతా ఇంట్లోకి కక్కేది. అందుకే ఉగాది వెళ్లగానే వాకిట్లో తాటాకు పందిరి పడేది. పాత ఆకు పనికి రాదు, ఏటా కొత్తదే. పందిరి వేసే మనుషులు వాసాలు పాతి, ఆకు మీద ఆకు పరిచి ఒక్క పూటలో ముగించేవాళ్లు. కింద పేడతో అలికిన నేల. పొద్దున ఒకసారి, మూడు గంటలకు ఒకసారి దాని మీద నీళ్లు చల్లేవాళ్లం. తాలూకా కచేరీలో వట్టివేళ్ల తడికలు కట్టేవారని తాతయ్య చెప్పేవాడు. మాకు అంత స్తోమత లేదు. వేరుశనగ కాయల గోతాలు విప్పి కుట్టిన పట్టాలే మా తడికలు. పడమటి కిటికీ చట్రానికి మూడు మేకులు కొట్టి తాతయ్య వాటిని తగిలించాడు. బడికి సెలవులు కాబట్టి వాటిని తడిపే పని నాది.

చెంబుతో పైనుంచి పోస్తే గోనె ముందు నీళ్లను తిరగ్గొట్టేది. రెండో చెంబుకు తాగడం మొదలుపెట్టేది. మూడో చెంబుకు బయటి వడగాడ్పు లోపలికి వచ్చేసరికి మెత్తబడి ఉండేది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుపోతుంది. మా ఎండ పొడి ఎండ కాబట్టి ఆ పట్టా అంత పని చేసింది. చెమట చేసేదీ అదే పని. తేడా ఏమిటంటే, చెమట పట్టాలంటే గుండె కష్టపడాలి. ఒంట్లో వేడిని బయటికి పంపడానికి రక్తాన్ని చర్మం దాకా తోలాలి, దానికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. లయ లేని గుండెకు ఆ పరుగు మోయలేని బరువు. గోనెపట్టా ఆ బరువులో కొంత తన మీద వేసుకుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడిగా నాకివేవీ తెలియవు. పట్టా ఆరితే నాయనమ్మకు ఆయాసం వస్తుందని తెలుసు, అంతే.

వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజి, బియ్యం కడుగునీళ్లు, మిగిలిన అన్నం అందులో చేరి పులిసేవి. పొద్దున్నే అందులోంచి అన్నం తీసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకుని తినేది నాయనమ్మ. ఆ పులుపు వాసన అంటే నాకు ఇష్టం ఉండేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో కుక్కర్లో వండిన అన్నంలో గంజి అనేదే రాదు. గంజి లేనప్పుడు తరవాణి ఎక్కడిది? మంచినీళ్ల కుండ కింద ఇసుక పోసి, ఆ ఇసుకనూ తడిగా ఉంచేవాళ్లం. ఎనిమిది గంటలకల్లా నాయనమ్మ పని ముగిసేది. ఆ తర్వాత నీళ్లు తోడటం, పొయ్యి దగ్గర కూర్చోవడం అమ్మ పని. సాయంత్రం నీడలు బారెడు సాగేదాకా నాయనమ్మను ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. పిలిస్తే లేచి వస్తుందని. రాత్రి నులకమంచం ఆరుబయట వేసేవాళ్లం. నులక సందుల్లోంచి గాలి ఆడేది. నిద్రపట్టిన మర్నాడు దడ తక్కువగా ఉండేది.

గుంటూరులో డాక్టరుకు చూపించాక ఒక చిన్న తెల్ల మాత్ర వచ్చింది. డిజాక్సిన్. 1785లో విథరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒక పూలమొక్క ఆకు గురించి పుస్తకం రాశాడు. ఈ మందు ఆ మొక్క బంధువు నుంచి వచ్చిందే. వారానికి ఐదు రోజులే వేసుకోవాలి, రెండు రోజులు మానాలి అన్నాడు డాక్టరు. ఎక్కువైతే విషమయ్యే మందు కాబట్టి ఆ లెక్క. దడ నిజంగానే తగ్గింది. కానీ ఆ ఏడు రోహిణి కార్తెలో నాయనమ్మకు నోరు చేదైంది, వాంతులయ్యాయి. "దీపం చుట్టూ పచ్చగా కనపడతందేందిరా" అని అడిగింది. ఎండ తగిలిందనుకున్నాం, మాత్ర ఆపలేదు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు ఆ మందును సరిగా బయటికి పంపలేవు. వాంతులతో పొటాషియం తగ్గితే మందు గుండెను మరీ గట్టిగా పట్టుకుంటుంది. పచ్చగా కనపడటం ఆ మందు ఎక్కువైందని చెప్పే గుర్తు. ఈ ముక్క చెప్పేవాళ్లు అప్పుడు మా చుట్టూ ఎవరూ లేరు. ఆమె అప్పటికి బయటపడింది. మరుసటి వేసవిలో ఒక తెల్లవారుజామున, అదే నులకమంచం మీద, కుడి చెయ్యి పడిపోయి, మాట పోయింది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు పోయింది. దాన్ని ఆపే మాత్రలు ఇప్పుడు నా పెట్టెలో ఉన్నాయి.

అవును, నాకూ అదే దడ. నాది జ్వరం వల్ల వచ్చింది కాదు, రక్తపోటుతో, వయసుతో వచ్చింది. విజయవాడలో నాలుగో అంతస్తులో ఉంటున్నాం. ఏసీ ఉంది, గోడకు ఉష్ణోగ్రత చూపించే అంకెలున్నాయి, చేతికి నాడి చెప్పే గడియారం ఉంది. ఇవన్నీ ఉన్నందుకు నేను నిజంగా కృతజ్ఞుణ్ణి. ఆ రోజులే మేలని నా నోట ఎన్నటికీ రాదు, నాయనమ్మ ఆ రోజుల్లోనే పోయింది గనక. 2003లోనూ 2015లోనూ వేసవి ఎండలకు మనవాళ్లు వెయ్యికి పైగా పోయారు. వడదెబ్బ అని రాసిన ఆ లెక్కల్లో లయ తప్పిన గుండెలెన్నో ఎవరు చూశారు?

అయినా కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఆ ఇల్లు కావాలనిపిస్తుంది. ఒకసారి కిటికీకి తడి తువ్వాలు కట్టి చూశాను. కృష్ణ ఒడ్డు గాలిలో తేమ ఎక్కువ. తువ్వాలు ఆరనూ లేదు, గది చల్లబడనూ లేదు. చేతుల మీద తడిగుడ్డ వేసుకుని నేల మీద కూర్చుని, నిమిషం నిండా నాడి లెక్కపెట్టుకున్నాను. వరస లేని నాడిని పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తే తప్పు లెక్క వస్తుంది. నేను వేసుకునే మాత్ర గుండెను పరిగెత్తనివ్వదు, అందువల్ల చర్మానికి రక్తం చేరడమూ తగ్గుతుంది. ఎండ నాకు ఇతరులకన్నా ముందే తగులుతుంది. ఒంట్లో నీరు తీసే మాత్ర ఇంకొకటి ఉంది. మార్చిలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి ఏది ఎంత వేసుకోవాలో, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో అడిగి రాయించుకుంటాను. సొంతంగా ఏదీ ఆపను. కొబ్బరి నీళ్లు కూడా అడిగే తాగుతాను, పొటాషియం ఎక్కువైనా గుండెకు ప్రమాదమే. నోరు చేదైతే, కళ్లు తిరిగితే "ఎండ తగిలిందిలే" అనే మాట మా ఇంట్లో ఎవరినీ అననివ్వను.

మొన్న మాఘంలో ఊరు వెళ్లాను. నాపరాళ్ల మిద్దె తీసేసి శ్లాబు పోశారు. పందిరి ఉండే చోట సిమెంటు గచ్చు, దాని మీద రేకుల షెడ్డు. పడమటి గది గోడ, కిటికీ మాత్రం పాతవే. చట్రానికి నీలం రంగు వేశారు. పైకి చెయ్యి పోనిచ్చి తడిమితే, రంగు కింద మూడు మేకులూ తగిలాయి.